మైళ్ళు మన చేతిలో, సీట్లు వాళ్ళ చేతిలో

అంగట్లో అన్నీ వున్నాయి, అల్లుడి నోట్లో శని వుందన్న సామెత యే కాలంలో పుట్టిందో గాని, విమాన కంపెనీలు యిచ్చే పాయింట్ల విషయంలో అది అక్షరాలా నిజమవుతున్నది. ఈ రోజుల్లో మధ్యతరగతి యింట్లో కూడా యెవరో ఒకరికి ఈ పాయింట్లు వుంటున్నాయి. అబ్బాయి ఆఫీసు పనిమీద ఢిల్లీకీ, సింగపూరుకూ తిరిగి సంపాదించినవి కొన్ని; క్రెడిట్ కార్డు మీద బియ్యం, పప్పులు కొని, పిల్లల ఫీజులు కట్టి కూడబెట్టినవి కొన్ని. లెక్క చూసుకుంటే లక్షాధికారులమే. తీరా వాటితో టిక్కెట్టు తీసుకుందామని కూర్చుంటే, మనకు కావలసిన రోజున, కావలసిన వూరికి ఒక్క సీటు కనబడదు. "చూశారా, యిదంతా వుత్త మోసం" అని చాలామంది అక్కడితో చేతులు దులుపుకుంటారు.

మోసమని నేననను. ఇది వ్యాపారం. ఆ వ్యాపారం పద్ధతేమిటో తెలుసుకుని, కాస్త వోపిక పట్టినవాడికి సీటు దొరుకుతుంది. దొరికించుకున్నవాడిని గనుక, నాకు తెలిసిన నాలుగు ముక్కలూ పాఠకులకు చెప్పదలచాను.

పాయింట్ల పుట్టుక

1978లో అమెరికా ప్రభుత్వం విమాన ఛార్జీల మీద తన అదుపును సడలిస్తూ చట్టం చేసింది. దాంతో కంపెనీల మధ్య పోటీ పెరిగింది. నిన్న మన విమానంలో వెళ్ళినవాడు రేపు పక్కవాడి విమానం యెక్కకుండా కట్టిపడేయడం యెలా అన్నది అందరికీ సమస్య అయింది. 1979లో టెక్సాస్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ, ప్రయాణం చేసిన మైళ్ళను లెక్కగట్టి బహుమతులిచ్చే పద్ధతిని మొదలుపెట్టింది. 1981 మే 1వ తేదీన అమెరికన్ ఎయిర్‌లైన్స్ దానిని పెద్ద యెత్తున అందుకుంది. తమ రిజర్వేషను కంప్యూటరులో మళ్ళీ మళ్ళీ కనబడుతున్న టెలిఫోను నెంబర్లను వెదికి, తరచుగా తిరిగేవారెవరో పట్టుకుని, వాళ్ళనే మొదటి సభ్యులుగా చేర్చుకుంది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా అదే దారి పట్టింది. ఆ తర్వాత ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

మన ఎయిరిండియావారి పథకం చాలాకాలం 'ఫ్లయింగ్ రిటర్న్స్' అనే పేరుతో నడిచి, 2025లో 'మహారాజా క్లబ్' అయింది. 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయినప్పుడు, అక్కడి సభ్యుల పాయింట్లు కూడా యిక్కడికే వచ్చి చేరాయి.

ఖాళీ వున్నా యివ్వరెందుకు?

విమానంలో సీటు అరటిపండు కంటే అధ్వాన్నమైన సరుకు. అరటిపండు రేపటికి మగ్గినా సగం ధరకు పోతుంది. విమానం లేచిన తర్వాత ఖాళీ సీటుకు కానీ కూడా రాదు. అందుకని కంపెనీవారు, ఫలానా తేదీన ఫలానా విమానంలో యెన్ని సీట్లు డబ్బుకు అమ్ముడవుతాయి, యెన్ని మిగిలిపోతాయి అని ముందుగా అంచనా కడతారు. మిగులుతాయనుకున్నవాటిలో కొన్నింటిని పాయింట్లకు కేటాయిస్తారు. వాటికి వేరే అక్షరం పెట్టి పద్దు రాసుకుంటారు. స్టార్ అలయన్స్ కూటమిలోని కంపెనీలు ఒకరి సభ్యులకొకరు యిచ్చే సీట్లలో మామూలు తరగతికి 'ఎక్స్', బిజినెస్ తరగతికి 'ఐ', మొదటి తరగతికి 'ఓ' అని గుర్తులు. ఆ పద్దులో సున్న వుంటే, విమానం సగం ఖాళీగా వున్నా పాయింట్లవాడికి సీటు లేనట్టే.

ఈ అంచనా యెప్పటికప్పుడు మారుతూ వుంటుంది. పొద్దున్న లేని సీటు సాయంత్రానికి పుట్టవచ్చు. రాత్రి చూసిన సీటు తెల్లవారేసరికి మాయమూ కావచ్చు. ఒకసారి చూసి లేదనుకోవడం కంటే, పదిసార్లు చూడటం మేలనడానికి కారణం యిదే.

కొన్ని కంపెనీలు తమ సొంత విమానాలలో పాయింట్ల ధరను కూడా డబ్బు ఛార్జీలాగా పెంచుతూ తగ్గిస్తూ వుంటాయి. డెల్టా 2015లోనూ, యునైటెడ్ 2019లోనూ ఇన్ని పాయింట్లకు ఇంత దూరమని చెప్పే ధరల పట్టికలనే తీసివేశాయి. అక్కడ సీటు దాదాపు యెప్పుడూ వుంటుంది, ధరే కొండెక్కి కూర్చుంటుంది.

వియ్యాలవారి యింట్లో వెదకాలి

అసలు కిటుకు యిక్కడుంది. ఒక కంపెనీ పాయింట్లతో ఆ కంపెనీ విమానమే యెక్కాలన్న నియమం లేదు. 1997లో అయిదు కంపెనీలు చేరి స్టార్ అలయన్స్ అనే కూటమి కట్టాయి. 1999లో వన్ వరల్డు, 2000లో స్కై టీము వచ్చాయి. ఎయిరిండియా 2014లో స్టార్ అలయన్స్‌లో చేరింది. అంచేత ఎయిరిండియా పాయింట్లున్నవారు లుఫ్తాన్సా సీటును కూడా అడగవచ్చు. ఎమిరేట్స్ వంటివి యే కూటమిలోనూ లేవు గాని, విడివిడిగా కొందరితో పొత్తు పెట్టుకున్నాయి.

తమాషా యేమిటంటే, ఒకే విమానంలో ఒకే సీటుకు ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ధర చెబుతుంది. ఖతార్ ఎయిర్‌వేస్ సీటును అమెరికన్ మైళ్ళతోనూ తీసుకోవచ్చు, ఏవియోస్ అనే పాయింట్లతోనూ తీసుకోవచ్చు. మొదటివారు యే ఖండం నుంచి యే ఖండానికి అని లెక్క కడితే, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌వారు దూరాన్నిబట్టి కడతారు. బంగారం కొనేముందు నాలుగు దుకాణాలు తిరిగినట్టే, యిక్కడా తిరగాలి. స్టార్ అలయన్స్ సీట్లకు యునైటెడ్, ఎయిర్ కెనడావారి అంగళ్ళు. వన్ వరల్డు సీట్లకు అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, క్వాంటస్‌వారి అంగళ్ళు చూడటం తేలిక. అయితే సొంత పిల్లలకు పెట్టినట్టు పక్కింటివాళ్ళకు యెవరూ పెట్టరు. సింగపూరువారు తమ దూరప్రయాణాల పై తరగతి సీట్లను చాలావరకు తమ సభ్యులకే అట్టేపెట్టుకుంటారు.

రెండు సీట్ల కథ

మా అమ్మాయి డాలస్‌లో వుంటుంది. మార్చి నడుమ పురుడు. ఫిబ్రవరి ఆఖరికి మేమిద్దరం అక్కడ వుండాలి. తొలిచూలు, అటువైపు పెద్దదిక్కు లేదు. ఇద్దరి ఛార్జీలూ నగదుగా కట్టడమంటే నా పెన్షన్‌లో యేడు నెలల మాట. అమ్మాయి కార్డు మీద పాయింట్లున్నాయి. ఆ కార్డు పాయింట్లను అయిదారు విమాన కంపెనీలలో దేనికైనా మార్చుకోవచ్చు. "నాన్నా, మీరు యింట్లో వుంటారు గదా, సీట్లు మీరు వెదకండి. దొరికితే టిక్కెట్లు నేను తీస్తాను" అన్నది.

దీపావళి వెళ్ళింది మొదలు రోజూ కాఫీ తాగగానే అదే పని. హైదరాబాదు నుంచి డాలస్‌కు, యిద్దరికి అని అడిగితే యే తేదీకీ జవాబు లేదు. ఒక్కరికి అని అడిగితే అయిదారు తేదీలు కనబడ్డాయి. ఒకే విమానంలో ఒక్కొక్క సీటే విడుదల చేస్తున్నారన్నమాట. మా ఆవిడ ఒంటరిగా వెళ్ళనంటే వెళ్ళనన్నది.

ఒకనాడు ఒక కంపెనీవారి దగ్గర రెండు సీట్లు కనబడ్డాయి. అమ్మాయికి చెబితే, "పాయింట్లు మార్చేముందు వాళ్ళకు ఫోను చేసి అడుగుతాను నాన్నా" అన్నది. అడిగితే, ఆ సీట్లు యెప్పుడో అయిపోయాయనీ, తెర మీద మాత్రం యింకా కనబడుతున్నాయనీ తేలింది. ఇలాంటి దయ్యపు సీట్లు అప్పుడప్పుడు కనబడుతూనే వుంటాయి. కార్డు నుంచి విమాన కంపెనీకి ఒకసారి మార్చిన పాయింట్లు మళ్ళీ వెనక్కి రావు. అడగకుండా మార్చివుంటే పురిటి ప్రయాణానికి కూడబెట్టినదంతా ఆ కంపెనీ పాలయ్యేది.

అప్పుడు దారిని ముక్కలు చేసి చూడటం మొదలుపెట్టాను. దోహా నుంచి డాలస్ వరకు ఒక మంగళవారం రెండు సీట్లున్నాయి. లేనిదల్లా హైదరాబాదు నుంచి దోహాకే. మరి తక్కిన వూళ్ళ నుంచో? చెన్నై నుంచి లేవు. బెంగుళూరు నుంచి వున్నాయి! బెంగుళూరు, దోహా, డాలస్, అంతా ఒకే టిక్కెట్టు. హైదరాబాదు నుంచి బెంగుళూరుకు రాత్రి రైలుంది; అక్కడ మా మరదలి యిల్లుంది. ఇంకేం కావాలి?

"మంగళవారం ప్రయాణమా? అదీ పురిటికి వెళుతూ!" అన్నది మా ఆవిడ.

వారం మధ్య రోజుల్లో రద్దీ తక్కువ గనుక ఆ రోజుల్లోనే సీట్లు యెక్కువగా దొరుకుతాయని చెప్పాను. ఆమె ఆ మాటే వినిపించుకోలేదు. అప్పుడు పంచాంగం తెచ్చి యెదుట పెట్టాను. విమానం మంగళవారం తెల్లవారకముందే బయలుదేరుతుంది. సూర్యోదయమైతే గాని మన లెక్కలో మంగళవారం రాదు. మనం గడప దాటేది సోమవారం రాత్రి. సోమవారం తూర్పుకు శూల; మనం వెళ్ళేది పడమరకు. ఆమె రెండుసార్లు పంచాంగం తిరగేసి, "సరే, తీసుకోమనండి" అన్నది. డాలస్‌లో అమ్మాయి వెంటనే పాయింట్లు మార్చి టిక్కెట్లు తీసింది. అంతా కలిసి పావుగంట పట్టలేదు. తిరుగు ప్రయాణం అప్పుడే తీసుకోలేదు. పాయింట్లతో చాలా కంపెనీలలో రానూపోనూ ఒకేసారి తీసుకోనక్కరలేదు. ఒక వైపుకు సగమే అడుగుతారు. మనుమరాలికి మూడో నెల వచ్చాక, నిదానంగా వెనక్కి సీట్లు చూసుకున్నాం.

గుర్తుంచుకోవలసినవి

మొదటిది, కాలం. చాలా కంపెనీలు 330 నుంచి 360 రోజులు ముందుగా టిక్కెట్లు అమ్మడం మొదలుపెడతాయి. ఆ మొదటి రోజుల్లో కొన్ని సీట్లు వస్తాయి. తర్వాత మళ్ళీ ప్రయాణానికి రెండు వారాల లోపు, అమ్ముడుపోవని తేలినవి వదులుతారు. ఆగస్టులో మన పిల్లలు అమెరికా చదువులకు వెళ్ళే రోజుల్లోనూ, డిసెంబరు సెలవుల్లోనూ, సంక్రాంతికి అందరూ వచ్చే రోజుల్లోనూ ఆశ పెట్టుకోకూడదు. ఒక వారం అటూ యిటూ జరిగితే మాత్రం పని అవుతుంది.

రెండవది, వెదికే తీరు. ముందు ఒక్క సీటుకు అడగండి, తర్వాత రెండుకు. ముందు సముద్రం దాటే పెద్ద విమానంలో సీటు చూడండి. అక్కడికి చేరే చిన్న దారి తర్వాత. తేదీ ఒక్కటే పట్టుకోక నెల మొత్తం చూడండి. అయితే రెండు ముక్కలనూ వేర్వేరు టిక్కెట్లుగా తీసుకుంటే, మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోయినా ఆ రెండవవారికి బాధ్యత లేదు. పెద్దవాళ్ళను అలా పంపవద్దు.

మూడవది, లెక్క. పాయింట్ల టిక్కెట్టు ఉచితమన్నది వట్టి మాట. విమానాశ్రయం పన్నులు కట్టాలి. కొన్ని కంపెనీలు ఇంధనం పేరుతో యింకా పెద్ద మొత్తం వడ్డిస్తాయి. యునైటెడ్ ఆ ఇంధనపు అదనం వేయదు. ఎయిర్ కెనడా 2020లో తీసివేసింది. నగదు టిక్కెట్టు ధరలో నుంచి ఈ పన్నులు తీసివేసి, మిగిలినదాన్ని పాయింట్లతో భాగించండి. టిక్కెట్టు రూ. 90,000, అడిగే పాయింట్లు 45,000, పన్నులు రూ. 9,000 అనుకుందాం. పాయింటు విలువ రూ. 1.80. అదే పన్నులూ అదనాలూ కలిసి రూ. 40,000 అయితే విలువ రూ. 1.11కు పడిపోతుంది. అంతకంటే నగదు పెట్టి కొని, పాయింట్లను మరో ప్రయాణానికి దాచుకోవడం నయం కావచ్చు.

నాలుగవది, యెవరికోసం. కొందరు తమ పాయింట్లతో యెవరికైనా టిక్కెట్టు తీయనిస్తారు. సింగపూరువారు ముందుగా పేర్లిచ్చిన అయిదుగురికే యిస్తారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌వారు ఒక యింటివాళ్ళంతా కలిసి ఒకే ఖాతాగా కూడబెట్టుకోనిస్తారు. అవసరం మీదికి వచ్చాక కాక, ముందే తెలుసుకుని పేర్లు రాయించుకోవాలి.

చివరగా ఒక మాట. కూడబెట్టడంలో మనవాళ్ళకు సాటి లేరు గాని, పాయింటు బ్యాంకులో వేసిన రూపాయి కాదు. దానికి వడ్డీ రాదు సరిగదా, కంపెనీవారు రేటు పెంచిన రోజున దాని విలువ కూర్చున్నచోటే కరిగిపోతుంది. సింగపూరువారి మైళ్ళకు మూడేళ్ళే ఆయుష్షు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయినప్పుడు, ఆ విమానాలెక్కుదామని మైళ్ళు కూడబెట్టుకున్నవాళ్ళకు యెక్కడానికి విమానమే లేకపోయింది. పాయింట్లు ఆవకాయ కాదు, జాడీలో పెట్టి వాసెన కట్టడానికి. అవి పెరుగు. వేళకు తోడుపెట్టుకోవాలి, పుల్లబడకముందే వడ్డించుకోవాలి.