చెవి ఎముకలో చేప జాతకం

చెట్టు వయస్సు తెలియాలంటే మాను కోసి వలయాలు లెక్కపెడతారు. చేపకూ అటువంటి లెక్క ఉన్నది. దాని లోపలి చెవిలో సున్నపు పదార్థంతో ఏర్పడిన చిన్న రాయి వంటి ఎముక ఉంటుంది. పిల్ల దశలో దానిపై రోజుకొక పొర పేరుకుంటుంది. ఈ దినవలయాల సంగతిని 1971లో పన్నెల్లా అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు. మలుగుపాము పుట్టుక రహస్యం బయటపడటానికి ఈ వలయాలే తోడ్పడ్డాయి.

మలుగుపాము మన గోదావరి తీరవాసులకు కొత్త కాదు. పాములా కనిపించినా అది చేపే. ఏటిలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది. జపాను మలుగు ఆ సముద్రంలో ఎక్కడ గుడ్లు పెడుతుందో మాత్రం చిరకాలం అంతుపట్టలేదు. పిల్లకు తల్లి పోలిక ఉండదు. వెదురాకులా పలుచగా, గాజులా పారదర్శకంగా ఉంటుంది.

1991లో సుకమోతో అనే జపాను శాస్త్రజ్ఞుడి బృందం 'హకుహో మారు' నౌకపై వెళ్లి, మెరియానా దీవులకు పశ్చిమాన సుమారు 10 మిల్లీమీటర్ల పిల్లలను పట్టింది.

అమావాస్య ఆనవాలు

పిల్ల తలలోని చెవిరాయిని తీసి, జిగురులో పొదిగి, నడిబొడ్డు కనబడేదాకా సన్నగా అరగదీస్తారు. సూక్ష్మదర్శినిలో వలయాలు లెక్కిస్తారు. తొలి వలయం పడేలోపు గడిచిన రోజులను కూడా కలుపుకొని, పట్టిన తేదీ నుంచి వెనక్కు పోతే పుట్టిన రోజు తేలుతుంది. అలా లెక్కవేయగా పుట్టుకలు అమావాస్య ప్రాంతంలోనే జరుగుతున్నట్లు తెలిసింది. ఆ తిథిని చూసుకొనే నౌక బయలుదేరింది. 2005లో అప్పుడే పొదిగిన పిల్లలు, 2009 మే నెలలో 31 గుడ్లు దొరికాయి.

వలయాలు చెప్పేది వయస్సు ఒక్కటే కాదు. ఆకు వంటి పిల్ల సన్నని మలుగుపిల్లగా మారే వేళ వలయాల వెడల్పు పెరుగుతుంది, రాయిలో స్ట్రాన్షియం పాలు తగ్గుతుంది. దీనివల్ల ప్రయాణంలో ఏ దశ ఎన్ని రోజులు సాగిందో తెలుస్తుంది. పిల్లలు మొదట పడమటికి పారే ప్రవాహంలోనూ, ఆపై ఉత్తరానికి తిరిగే కురోషియో ప్రవాహంలోనూ కొట్టుకొని వచ్చి, నెలల తరబడి ప్రయాణం తర్వాత తూర్పు ఆసియా తీరం చేరుతాయి. దారి తప్పి దక్షిణపు ప్రవాహంలో పడినవి జపాను చేరలేవు.

ఈ లెక్కపై అనేకమంది జీవనం ఆధారపడి ఉన్నది. జపాను చెరువుల్లో పెంచే మలుగుకు విత్తనం ప్రధానంగా తీరంలో పట్టిన పిల్లలే. 2010లో జపాను శాస్త్రజ్ఞులు తొట్టెల్లోనే దాని జీవితచక్రాన్ని పూర్తి చేయించినా సముద్రపు పిల్లల అవసరం తీరలేదు. 2014లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని అంతరించే ప్రమాదం ఉన్నవాటిలో చేర్చింది. ఏ నెలలో పుట్టిన పిల్ల తీరం చేరుతున్నదో తెలిస్తేనే వేటకు హద్దు ఎక్కడ గీయాలో తెలుస్తుంది.