చక్రంపై గట్టి పొర.. పట్టాకు చేటు

ఆదోని: ముంబయి-చెన్నై మార్గంలోని ఆదోని స్టేషన్‌ పట్టణవాసులతోపాటు, రైలు మార్గం లేని ఎమ్మిగనూరు ప్రజలకూ ఆధారం. ఇక్కడికి వచ్చే కొన్ని రైళ్ల చక్రాల నుంచి ‘టక్‌.. టక్‌’మనే చప్పుడు వినిపిస్తుంటుంది. రాపిడి వల్ల ఉక్కులో కలిగే మార్పే దీనికి ప్రధాన కారణం.

ఎలా జరుగుతుంది?
గూడ్సు వ్యాగన్లు, పాత తరహా బోగీలలో బ్రేకు దిమ్మె చక్రాన్ని నేరుగా ఒత్తుతుంది. బ్రేకు పట్టేస్తే చక్రం తిరగక పట్టాపై జారుతుంది. తాకిన చోట ఉష్ణోగ్రత క్షణాల్లో 700 డిగ్రీల సెల్సియస్‌ దాటుతుంది. చక్రం మళ్లీ తిరగగానే లోపలి చల్లని ఉక్కు ఆ వేడిని పీల్చేస్తుంది. కమ్మరి ఎర్రగా కాల్చిన కొడవలిని నీటిలో ముంచినట్లే, పియర్లైట్‌ అనే పొరల నిర్మాణం మార్టెన్‌సైట్‌గా మారుతుంది. ఇది గట్టిదే కానీ పెళుసు. బరువు పడేకొద్దీ పగిలి, పెచ్చులుగా రాలుతుంది. చదునైన ఆ భాగం ప్రతి చుట్టుకూ పట్టాను సుత్తిలా కొడుతుంది.

ఈ చదును ప్రయాణికుల బోగీకి 50, వ్యాగన్‌కు 60 మిల్లీమీటర్లు మించరాదు. మించితే చక్రాన్ని లేత్‌పై చెక్కాల్సిందే.

ప్రయాణికులు ఏం చేయాలి?
అకారణంగా గొలుసు లాగితే బ్రేకులు పూర్తిగా వదలక పట్టేసే ప్రమాదముంది. చక్రాల వద్ద పొగ, కాలిన వాసన, చప్పుడు గమనిస్తే సిబ్బందికి గానీ 139 నంబరుకు గానీ వెంటనే తెలపాలి.