మూలకు పడ్డ మిషను ముచ్చట

మిరుగం చినుకు పడిందంటే మెట్‌పల్లిలో చిన్న ఇంజన్లు బాగుచేసే మెకానిక్‌కు ఊపిరాడదు. ఒకరు గడ్డి కోసే బ్రష్ కట్టర్ భుజాన వేసుకొస్తారు. ఇంకొకరు మందు కొట్టే తైవాన్ పంపును బండి వెనక కట్టుకొస్తారు. మామిడితోట ఉన్నవాళ్లు కట్టె కోసే చైన్ సా సంచిలో పెట్టుకొస్తారు. అందరిదీ ఒకటే మాట: "నిరుడు మంచిగనే నడిచింది. మొన్న తీసి తాడు గుంజితే స్టార్టే అయితలేదు."

నిరుడు మంచిగా నడిచిన మాట నిజమే. ఆ తర్వాత అటక మీద ఊరికే ఉన్న నెలల్లోనే అది పాడయింది. ఏ పనీ చేయని యంత్రం ఎలా చెడుతుందో ఇవాళ చెప్పుకుందాం, పిల్లలూ.

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో వయసు మగవాళ్లు గల్ఫ్‌కు పోయారు. పసుపు, మక్క, వరి మాత్రం ఇక్కడే ఉన్నాయి. ఒడ్ల మీద గడ్డి కోయడానికి కూలీ దొరకని చోటికి ఈ చిన్న మిషన్లు వచ్చాయి. వీటిలో ఎక్కువ వాటికి ఉండేది టూ స్ట్రోక్ ఇంజను. లూనా, రాజ్‌దూత్, పాత చేతక్ బండ్లకు ఉన్న జాతి ఇంజనే. పెట్రోలు బంకులో నూనె కలిపి పోయించుకున్న రోజులు మా ఈడు వాళ్లకు గుర్తే.

"తాతా, మన బైకులో పెట్రోలు వేరే, ఇంజన్ ఆయిల్ వేరే కదా, దీంట్లో రెండూ కలిపి పోస్తరెందుకు?" అని మా మనుమరాలు అడిగింది. మంచి ప్రశ్న బిడ్డా. బైకు ఇంజను అడుగున ఆయిల్ నిలవ ఉంటుంది, అదే పైకి చిమ్మి అన్నిటినీ తడుపుతుంది. టూ స్ట్రోక్‌లో ఆ అడుగు గది ఖాళీగా ఉండదు. పిస్టన్ పైకి పోయినప్పుడు ఆ గదిలోకి గాలీ పెట్రోలూ కలిసి వస్తాయి, కిందికి దిగినప్పుడు పక్క దారి గుండా పై గదిలోకి ఎక్కుతాయి. అక్కడ ఆయిల్ పోసి నిలవ ఉంచితే అది కూడా పెట్రోలుతోపాటు కొట్టుకుపోతుంది. అందుకే నూనెను పెట్రోలులోనే కలిపి పంపుతారు. అది పోతూ పోతూ బేరింగులనూ పిస్టన్ రింగులనూ తడిపి, చివరికి తానూ కాలిపోతుంది. అడుగు గది గుండా గాలీ పెట్రోలూ పంపే ఈ ఏర్పాటుకు 1891లో ఇంగ్లండ్‌లోని బాత్ ఊళ్లో జోసెఫ్ డే అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. అడుగున నూనె నిలవ లేదు కాబట్టి మిషనును పక్కకు వంచినా, తలకిందులు చేసినా నడుస్తుంది. చెట్టెక్కి కొమ్మ కోసేవాడికి కావలసింది అదే.

ఎంత కలపాలి? చాలా మిషన్లకు యాభైకి ఒకటి, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు చేసిన నూనె). కొన్నిటికి పాతికకు ఒకటి, లీటరుకు 40 మిల్లీలీటర్లు. మిషనుతో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే లెక్క. నిమిషానికి 9,000 చుట్లు తిరిగే ఇంజనులో సెకనుకు 150 సార్లు నిప్పు అంటుకుంటుంది. అంత వేగంలో నూనె తక్కువైతే పిస్టన్ సిలిండర్‌కు పట్టేస్తుంది, బాగుచేయించే ఖర్చు కొత్త మిషను ధరకు దగ్గరగా పోతుంది. అలాగని "నాలుగు చుక్కలు ఎక్కువైతే మేలే కదా" అనుకోవద్దు. ఎక్కువైన నూనె పూర్తిగా కాలక ప్లగ్గు మీదా, సైలెన్సర్ దారిలోనూ మసై పేరుకుంటుంది. ట్రాక్టర్‌కు పోసే ఇంజన్ ఆయిల్ అసలే పనికిరాదు. అది కాలిపోవడానికి తయారైన నూనె కాదు.

ఇప్పుడు అటక మీదికి ఎక్కుదాం. ట్యాంకులో అరగ్లాసు పెట్రోలు మిగిలే ఉంది. "మళ్లీ పనికొస్తది" అని వదిలేసిన అరగ్లాసే మనిషిని ముంచుతుంది.

పెట్రోలు అంటే ఒక్క పదార్థం కాదు, తొందరగా ఆవిరయ్యేవీ ఆలస్యంగా ఆవిరయ్యేవీ కలిసిన ద్రవం. తేలికవి ముందే ఎగిరిపోతాయి. నిప్పు తొందరగా అందుకునేవీ అవే. మిగిలిన బరువు సరుకు గాలి తగిలి జిగటగా మారి, గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్‌లోని వెంట్రుకంత రంధ్రాలను మూసేస్తుంది.

దీనికి తోడు ఇథనాల్, అంటే సారాలో ఉండే పదార్థం. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. చెరకు నుంచి, నూకల నుంచి, మన పొలాల్లో పండే మక్కల నుంచి కూడా ఇథనాల్ తీస్తారు. రైతుకు అది మంచిదే, దాన్ని తిట్టాల్సిన పని లేదు. కానీ ఇథనాల్‌కు నీళ్లంటే మహా ఇష్టం. వానకాలం గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటగానే అది పెట్రోలును వదిలేసి, నీళ్లతో కలిసి ట్యాంకు అడుగుకు దిగుతుంది. కావాలంటే మెకానిక్ దగ్గర, నిప్పుకు దూరంగా, ఆరుబయట చూడండి. గీతలున్న గాజు గొట్టంలో 90 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోయించి, బాగా కలిపి నిలబెట్టమనండి. పది దగ్గర ఉండాల్సిన నీటి మట్టం ఇరవై దాటుతుంది. పెరిగినదంతా పెట్రోలు నుంచి దిగివచ్చిన ఇథనాలే.

అసలు ప్రమాదం ఇక్కడుంది. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం చివర ఉండేది అడుగునే. మనం కలిపిన టూటీ ఆయిలేమో పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. అంటే ఇంజనుకు ముందు అందేది నూనె లేని నీళ్ల సారా. తాడు గుంజీ గుంజీ చేతులు నొప్పి పుట్టి, ఎట్లాగో స్టార్ట్ అయిందని సంబరపడేలోపు పిస్టన్ మీద గీతలు పడతాయి.

కార్బొరేటర్ మాట చెప్పాలి. బైకులో పాత రకం కార్బొరేటర్‌కు పెట్రోలు గిన్నె, అందులో తేలే బెండు ఉంటాయి. వంచితే ఒలికిపోతుంది కాబట్టి ఈ మిషన్లలో గిన్నె తీసేసి పలుచని పొర పెట్టారు. ఇంజను అడుగు గదిలో గాలి ఒత్తిడి పెరిగీ తగ్గీ ఆ పొరను ఊపుతుంటే పెట్రోలు ముందుకు కదులుతుంది. పాత పెట్రోలులో నానీ ఎండీ ఆ పొర గట్టిపడితే మిషను స్టార్ట్ అవుతుంది గానీ, రేసు ఇవ్వగానే ఆగిపోతుంది. అలాంటప్పుడు కార్బొరేటర్ మరలు తిప్పడం వృథా. ఆ పొరల కిట్ మార్పించాలి. ట్యాంకులోని పెట్రోలు గొట్టం కూడా పగిలిందేమో చూడాలి.

అందుకే మంచి మెకానిక్ మిషను తేగానే పానా పట్టడు. మూత తీసి వాసన చూస్తాడు. పులిసిన వార్నిష్ వాసన వస్తే సగం రోగం తెలిసిపోయినట్టే. తర్వాత గాలి ఫిల్టర్, ఆ తర్వాత ప్లగ్గు. ప్లగ్గు ఇటుక రంగులో ఉంటే ఇంజను సుఖంగా ఉంది. నల్లగా తడిగా ఉంటే నూనె ఎక్కువైంది, లేదా ఫిల్టర్ మూసుకుంది. తెల్లగా పాలిపోతే ఎక్కడో గాలి దూరుతోంది, నడపడం ఆపాలి.

చైన్ సాకు పనిలో తగిలే దెబ్బ వేరే ఉంది. దాని పళ్లు అటు ఒకటి ఇటు ఒకటిగా కోసే తీరు ఒక పురుగు నుంచి వచ్చింది. 1946లో అమెరికాలోని ఓరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కట్టెలు కొట్టే మనిషి, మొద్దులోని పురుగు తన రెండు దవడలతో కుడికీ ఎడమకూ కొరుకుతూ పోవడం గమనించి ఆ చైన్ చేశాడు. ఇప్పుడు లోకమంతా వాడేది ఆ పద్ధతే. ఒక్క క్షణం మట్టికి తగిలినా ఆ పన్ను మొండిబారుతుంది. తెలుసుకోవడం తేలిక. కట్టె నుంచి రేకుల్లాంటి పొట్టు రాలితే పదును ఉంది, పిండిలా రాలితే పోయింది. అప్పుడు బలంగా అదమకండి, ఆకురాయి అందుకోండి. ఆకురాయి గుండ్రనిది, చైన్ సైజును బట్టి 4 లేదా 4.8 మిల్లీమీటర్లది కావాలి. చాలా చైన్లకు 30 డిగ్రీల వాలు. లోపల నుంచి బయటికే తోయాలి, ఒక పన్నుకు ఎన్నిసార్లో ప్రతి పన్నుకూ అన్నే సార్లు. ఒక పక్క పళ్లు పొట్టివైతే కోత వంకర పోతుంది.

పన్ను ముందున్న చిన్న బుడిపె పని, వడ్రంగి రందాలో బ్లేడు ఎంత బయటికి రావాలో చూసుకోవడం లాంటిది. పన్ను ఎంత లోతు కొరకాలో అదే చెబుతుంది. అది పన్ను కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉంటే చాలు. తొందరగా తెగుతుందని ఇంకా అరగదీస్తే చైన్ కట్టెలో ఇరుక్కుని, మిషను మీ మొహం మీదికి ఎగురుతుంది. చైన్ తిరిగే బార్ కొన పైభాగం కట్టెకు తాకినా అదే ప్రమాదం. ఇంకొక మాట, చేతిలో మిషను ఉందని కనబడిన చెట్టల్లా నరకకూడదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చాలా చెట్లకు అనుమతి తీసుకోవాలి.

మూలకు పడ్డ మిషన్ల మాట వస్తే, మన పక్కనే ముత్యంపేటలో 2015లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. దాన్ని నడిపించడం మన చేతిలో లేదు. అటక మీది మిషను మాత్రం మన చేతిలోనిదే.

కాబట్టి కలిపిన పెట్రోలును నెలకు మించి ఉంచకండి. ఈసారి పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, మిషను స్టార్ట్ చేసి, తనంతట తాను ఆగిపోయేదాకా వదిలేయండి. చల్లారాక ప్లగ్గు తీసి, నాలుగు చుక్కల టూటీ ఆయిల్ వేసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించండి. పిల్లలూ, ఈ పని మీ నాన్నకు గుర్తు చేసే బాధ్యత మీది. తీసిన పాత పెట్రోలును మాత్రం కాలువలోనో బావి దగ్గరో పారబోయనివ్వకండి, మెకానిక్‌కు ఇప్పించండి. సామాను కడుక్కోవడానికి ఆయనకు పనికొస్తుంది.