మీకు తెలుసా? బూటులో ఫోన్ దాచిన గూఢచారి

అమెరికాలో ‘గెట్ స్మార్ట్’ టీవీ సీరియల్ 1970లో ముగిసింది. మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ 1965లో సృష్టించిన ఈ గూఢచారి హాస్యంలో హీరో ఏజెంట్ 86 బూటు విప్పి, దాన్నే చెవికి ఆనించుకుని ఫోన్ మాట్లాడేవాడు! సెల్‌ఫోన్ ఊసే లేని రోజుల్లో ఎంత చక్కటి ఊహ! ఆ పాత్రకు డాన్ ఆడమ్స్ మూడు ఎమ్మీలు గెలిచాడు. సీరియల్ మొదలైన మరుసటి ఏడాదే మన సినీ హీరో కృష్ణ ‘గూఢచారి 116’గా తెలుగువారిని ఊపేశాడు.

సీరియల్ నుంచి 1980లో ‘ది న్యూడ్ బాంబ్’ సినిమా పుట్టింది. 2008లో స్టీవ్ కారెల్ హీరోగా ‘గెట్ స్మార్ట్’ వచ్చింది. అందులో విలన్ పక్కనుండే కొండంత మనిషి మన హిమాచల్ మల్లయోధుడు గ్రేట్ ఖలీయే. అసలు పేరు దలీప్ సింగ్ రాణా. సినిమాలో పాత్ర పేరూ దలీపే!