మందు లేని సూది



నడుమునొప్పి యెరుగని గృహిణి మన యిండ్లలో నరుదు. అది పిలువని చుట్టమువలె వచ్చి, పొమ్మన్నను పోక, పొయ్యిదగ్గరను పడకదగ్గరను మనతోనే యుండును. "అట్లున్నావేమమ్మా?" యని యెవరైన నడిగినచో, "ఏమియు లేదు" అని చెప్పి పని చూచుకొనుట మన కలవాటు. మేమును ఆరేండ్లు అట్లే చెప్పుచు వచ్చితిమి. ఆముదము రాచి ఇసుకమూటతో కాపడము పెట్టుకొంటిమి, మాత్రలు మ్రింగితిమి. మాత్రలవలన కడుపులో మంట బయలుదేరినదిగాని నొప్పి కదలలేదు.

గడచిన సంవత్సరము ఒకనాడు బియ్యపుడబ్బా యెత్తబోయి, వంగినవారము వంగినట్లే లేవలేకపోతిమి. అప్పుడు మాయింటివారు బడికి సెలవుపెట్టి మమ్ము పట్టణమునకు తీసికొనిపోయిరి. ఎముకల వైద్యుడు పరీక్షించి, వెన్నెముకయందు భయపడదగిన దోషము లేదని చెప్పెను. ఆ పిమ్మట సూదులతో నొప్పి నుపశమింపజేయు వైద్యురాలి కడకు పోయితిమి. ఈ చికిత్సను ఆక్యుపంక్చరందురు. సూదులన్న మాట వినగానే మాకు భీష్ముని శరతల్పము తలపునకు వచ్చి గుండె ఝల్లుమన్నది.

ఆ భయము వ్యర్థము. ఇది సూదిమందు వేయు సూది వంటిది కాదు. దీనికి లోపల రంధ్రము లేదు, మందును లేదు. మందమున మిల్లీమీటరులో నాలుగవ వంతు మాత్రము. ఆమె మమ్ము బోరగిల పరుండబెట్టి, నడుమునందును మోకాళ్ల వెనుక మడతలయందును పది పండ్రెండు సూదులు గ్రుచ్చి, అరగంట కదలవలదనెను. గ్రుచ్చినపుడు చీమ కుట్టినట్లుండెను. పిదప ఆ చోట బరువుగా, తిమ్మిరిగా తోచెను. వారమునకు రెండుమారులు చొప్పున ఐదువారములు పోయితిమి. నొప్పి పూర్తిగా పోలేదు. కాని బిందె యెత్తుటకును, రాత్రి నిద్రించుటకును వీలైనది.

మందు లేని సూది నొప్పి నెట్లు తగ్గించినదను సందేహము అప్పుడు మాకు పుట్టినది. తెలిసికొన్న సంగతులను మీకును విన్నవించుచున్నాము.

ఈ విద్య చీనాదేశపుది. "హువాంగ్‌డీ నైజింగ్" అను వారి ప్రాచీన వైద్యగ్రంథమున తొమ్మిది విధములైన సూదులు వర్ణింపబడినవి. దేహమున "చీ" యను ప్రాణశక్తి నాళములలో ప్రవహించుననియు, దాని కడ్డు కలిగినచో నొప్పి పుట్టుననియు, సూది ఆ యడ్డును తొలగించుననియు వారి మతము. "ఇవి మన సుశ్రుతుడు చెప్పిన మర్మములే" యని కొందరందురు. సుశ్రుతసంహితలో 107 మర్మములు చెప్పబడిన మాట నిజము. కాని యవి దెబ్బ తగిలినచో ప్రాణహానియో, అంగవైకల్యమో, తీవ్రబాధయో కలుగు స్థానములు. శస్త్రము తగులకుండ కాపాడవలసినవి. వానిని సూదులు గ్రుచ్చు చోట్లతో నొకటి చేయుట సరికాదు.

మనదేశమున కీ చికిత్స వచ్చిన త్రోవ వేరు. 1938లో చీనావారికి సాయముగా మన దేశమునుండి ఐదుగురు వైద్యులు వెళ్లిరి. వారిలో డాక్టరు కోట్నీస్ 1942లో అక్కడనే కన్నుమూసెను. ఆయన సహచరుడు డాక్టరు బిజయ్ కుమార్ బసు తరువాతికాలమున మరల చీనాకేగి, యీ విద్య నేర్చివచ్చి కలకత్తాలో ప్రారంభించెను.

పాశ్చాత్యదేశములలో దీనికి పేరు తెచ్చినది 1971లో జరిగిన యొక సంగతి. జేమ్స్ రెస్టన్ అను అమెరికా పత్రికారచయితకు పెకింగులో అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగినది. సూదులతోనే మత్తు కలిగించి కోసిరని వదంతి వ్యాపించెను. నిజమది కాదు. కోత మామూలు మత్తుమందుతోనే జరిగినది. రెండవనాటి రాత్రి కడుపుబ్బరమునకు మాత్రము మోచేతియందును మోకాళ్ల దిగువను సూదులు గ్రుచ్చిరి.

ఇక నేటి శాస్త్రము మాట. సూది గ్రుచ్చినపుడు నాడులు మెదడునకు వార్త పంపుననియు, అప్పుడు మెదడు నొప్పి నణచు ఎండార్ఫినులను పదార్థములను విడుచుననియు 1970 తరువాతి పరిశోధనలు సూచించినవి. 2007లో వెలువడిన జర్మనీదేశపు పరిశీలన మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. బహుకాలముగా నడుమునొప్పితో బాధపడుచున్న 1162 మందిని మూడు భాగములు చేసిరి. మొదటివారికి చీనాశాస్త్రము చెప్పిన చోట్ల సూదులు గ్రుచ్చిరి. రెండవవారికి వేరుచోట్ల, చర్మముక్రిందనే పైపైన గ్రుచ్చిరి. మూడవవారికి మాత్రలు, వ్యాయామము మొదలగు మామూలు చికిత్స చేసిరి. ఆరునెలలకు మేలు కనబడినది మొదటివారిలో నూటికి 47.6 మందికి, రెండవవారిలో 44.2 మందికి, మూడవవారిలో 27.4 మందికి.

సూదులు గ్రుచ్చించుకొన్నవారికి మేలు కలిగినది. కాని చోటు మారినను ఆ మేలు ఇంచుమించు సమానమే. కావున మేలంతయు సూదిమొననుండియే వచ్చినదనరాదు. మా యనుభవమును తలచుకొనగా మాకొకటి తోచినది. ఆ వైద్యురాలు సూది ముట్టకముందు మమ్ము చాలసేపు ప్రశ్నించెను. నొప్పి యెచ్చట? ఏపనికి హెచ్చు? రాత్రి నిద్ర పట్టునా? ఆరేండ్లలో మమ్మట్లడిగినవారు లేరు; అడుగనిచ్చినవారమును కాము. పగటివేళ అరగంట కదలక పరుండుటయు పెండ్లియైనది మొదలు మాకదియే తొలిసారి. సూది చేసిన మేలెంతయో, ఆ ప్రశ్నలును ఆ యరగంటయు చేసిన మేలెంతయో విడదీసి చెప్పజాలము.

ఈ చికిత్స కోరువారు ముందుగా నొప్పికి కారణమును వైద్యునివలన తెలిసికొనవలెను. నడుమునొప్పితోకూడ జ్వరముగాని, కారణము లేక బరువు తగ్గుటగాని, కాళ్లు మొద్దుబారుటగాని, మలమూత్రములు స్వాధీనము తప్పుటగాని యున్నచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. సూదులు మూసిన పొట్లమునుండి మనయెదుట తీయవలెను. ఒకమారు వాడినవెనుక పారవేయవలెను. లేనిచో అంటురోగములు సోకవచ్చును. శిక్షణ లేనివారు రొమ్మున లోతుగా గ్రుచ్చినచో ఊపిరితిత్తికి రంధ్రము పడుటయు గలదు. గర్భిణులును, రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారును ఆ సంగతి ముందే చెప్పవలెను.

ఇప్పుడు మాయింట మధ్యాహ్నము వంటిల్లు సర్దిన పిదప అరగంట విశ్రాంతి మాది. మొదట మాయత్తగారు వింతగా చూచిరి. ఒకనాడు ఆమెయే మాప్రక్క చాప పరచుకొని, "అమ్మాయీ, నా మోకాళ్లకును పదేండ్లనుండి సుఖము లేదే" యనిరి. పదేండ్లు ఒకే యింట నుండి మేమామెను అడుగనేలేదు. సోదరీమణులారా, మీ యింటను ఒకమారు అడిగి చూడుడు.