పాత దఫ్తరాల్లో మన పూర్వీకులు

పోయిన రంజాన్‌లో మన సొసైటీ తరఫున ఫిత్రా బియ్యం పంచుతుంటే, తన వంతు తీసుకున్న ఒక పెద్దావిడ వెళ్ళకుండా కూర్చుండిపోయింది. ఏం కావాలి నానీ అని అడిగాం. “మీరు పాత కాగితాలు చదువుతారట గదా మాస్టారూ. మా అమ్మ ఏ ఊరి పిల్లో కనుక్కుని చెప్పండి. పోయేలోగా వాళ్ళ ఖబ్రస్తాన్‌కు వెళ్ళి మా మనవడితో ఫాతిహా చదివించి వస్తా” అన్నది. ఆమె పుట్టిన నెలలోపే తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇంట్లో మొదటి భార్య మాట ఎవరూ ఎత్తలేదట.

ఆ పని మీద నాలుగు నెలలు తిరిగాం. ఏ కాగితం ఏం చెబుతుందో, ఏది చెప్పదో అప్పుడు మాకు బాగా తెలిసింది. తమ వంశం గురించి తెలుసుకోవాలని మన దాతల్లో చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

మొదట జనన మరణాల రిజిస్టరు చూశాం. మద్రాసు రాష్ట్రంలో దీన్ని గ్రామ మునసబు రాసేవాడు. నానీ పుట్టిన తేదీ దొరికింది. “ఆడ” అని ఉంది, తండ్రి పేరు ఉంది, అంతే. బిడ్డకు పేరు పెట్టకముందే రాసుకునేవారు గనుక అప్పటి రిజిస్టర్లలో పిల్లల పేర్లు తరచు కనిపించవు. బడి అడ్మిషన్ రిజిస్టర్లో పేరు, తండ్రి పేరు, ఊరు దొరుకుతాయి గానీ పుట్టిన తేదీని మాత్రం నమ్మవద్దు. మా తరం వాళ్ళలో చాలామంది జూలై 1న పుట్టారంటే అది హెడ్మాస్టర్ల చలవే. నానీ బడికి వెళ్ళలేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

తర్వాత భూమి రికార్డులు పట్టుకున్నాం. తండ్రి వైపు వెతికేవారికి ఇవి గని లాంటివి. నానీ తండ్రి తాతలకు ఊళ్ళో పీర్ల మాన్యం ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసి, ప్రతి మాన్యాన్నీ విచారించి, ఇనాం ఫెయిర్ రిజిస్టర్లో ఎక్కించి, టైటిల్ డీడ్ ఇచ్చింది. మాన్యం మొదట ఎవరికి ఇచ్చారు, విచారణనాడు ఎవరి చేతిలో ఉంది, అతని వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అనేవి అందులో రాశారు. ఖాజీ మాన్యమైనా, ఖతీబు మాన్యమైనా, దర్గా మాన్యమైనా అంతే. ఒక్క పేజీలో రెండు మూడు తరాలు దొరకవచ్చు. నకలు కోసం కలెక్టరేట్ రికార్డు రూముకు దరఖాస్తు పెట్టాలి. చేతికి రావడానికి మాకు ఆరు వారాలు పట్టింది.

నిజాం రాజ్యంలో ఉన్న జిల్లాలవారు సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూసుకోవాలి. అంతకు పాతవి ఫార్సీ, ఉర్దూల్లో హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. షాజహాన్, ఔరంగజేబు కాలపు కాగితాలు కూడా అక్కడ భద్రంగా ఉన్నాయి.

ఈ రికార్డుల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1270 అంటే 1860లో మొదలైన ఏడాది. మద్రాసు వైపు అది జూలైలో మొదలయ్యేది, నిజాం వైపు అక్టోబరులో. పేర్ల స్పెల్లింగ్ మీద పట్టుదల వద్దు. షేక్, షేకు, సేకు ఒకే ఇంటివారు కావచ్చు. అలాగే ఒకే ఊళ్ళో ముగ్గురు మస్తాన్ సాయిబులు ఉండవచ్చు. తండ్రి పేరు, సర్వే నంబరు రెండూ కలిస్తేనే మనవాడనుకోవాలి.

ఇక్కడ ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మాన్యం రిజిస్టర్లో ముత్తాత పేరు కనిపించగానే భూమి మాదేనని బయలుదేరేవారిని చూశాం. మసీదుకో దర్గాకో సేవ చేసినందుకు ఇచ్చిన మాన్యం ఆ సంస్థది, సేవ చేసిన కుటుంబానిది కాదు. ఆ ఆశతో వచ్చేవారికి మేము సాయం చేయం.

నెల తిరిగేసరికి నానీ తండ్రి వైపు ఐదు తరాల మగవాళ్ళ పేర్లు మా నోటుబుక్కులో ఉన్నాయి. ఒక్క ఆడమనిషి పేరు లేదు. రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాక కొంత మేలు జరిగింది. 1983కు ముందు దస్తావేజుల కోసం పాత ఇండెక్సు పుస్తకాలు తిరగేయించాలి. షరీఅత్ ప్రకారం కూతురికీ వాటా ఉంది కాబట్టి మన కుటుంబాల పంపకం కాగితాల్లోనూ హక్కు విడుదల కాగితాల్లోనూ ఆడపిల్లల పేర్లు వస్తాయి. వాటా పుచ్చుకున్నా, వదులుకున్నా సంతకమో వేలిముద్రో పడాలి గదా! అలా నానీ మేనత్తలు ముగ్గురూ దొరికారు. తల్లి మాత్రం దొరకలేదు. ఆమె ఆ ఇంటికి వచ్చింది, రెండేళ్ళకు పోయింది. ఆస్తి కాగితంలో ఆమెతో ఎవరికీ పని పడలేదు.

చివరికి ఆమె నిఖా దఫ్తరులో కనిపించింది. నిఖా రాసేటప్పుడు పెళ్ళికూతురి పేరు, ఆమె తండ్రి పేరు, మెహర్, వకీలు, ఇద్దరు సాక్షులు ఉండి తీరాలి. ఖాజీల చట్టం 1880లోనే వచ్చినా, పాత దఫ్తరాలు చాలాచోట్ల ఖాజీల ఇళ్ళలోనే, ఒక తరం నుంచి ఇంకో తరానికి చేతులు మారుతూ ఉండిపోయాయి. మేము చూసినది ఒక ఇంటి అటక మీద ఎరువుల సంచిలో ఉంది. ముందు పేజీలు చెదలు తినేశాయి. అంతా ఉర్దూ, అదీ గొలుసుకట్టు. మాలో ఒకరికి తప్ప అందరికీ అయోమయం. హిజ్రీ 1360, షవ్వాల్ నెల, అంటే 1941 చివర. వరుడి పేరు, తండ్రి పేరు సరిపోయాయి. కింద వధువు పేరు, ఆమె తండ్రి పేరు, ఊరి పేరు, మెహర్ 125 రూపాయలు అని ఉంది. వకీలు ఆమె మేనమామ.

ఆ పేరు చదివి వినిపిస్తే నానీ రెండోసారి చదవమన్నది. ఎనభై దాటాక తల్లి పేరు మొదటిసారి వినడం అది. ఊరు పద్దెనిమిది మైళ్ళే. మనవడు బండి మీద తీసుకెళ్ళాడు. తల్లి సమాధి ఏదో ఎవరూ చెప్పలేకపోయారు గానీ, ఆమె తమ్ముడి మనవలు అక్కడే ఉన్నారు. మొన్న బక్రీదుకు వాళ్ళింటి నుంచి నానీకి మాంసం వచ్చింది.

ఆ దఫ్తరులోని మిగిలిన పేజీలన్నీ ఖాజీగారి కుటుంబం అనుమతితో ఫోటోలు తీసి, పేర్లు తెలుగులో రాయిస్తున్నాం. ఇంకో రెండు మసీదులవారు తమవి ఇస్తామన్నారు. ఇనుప బీరువా ఒకటి కావాలి. ఉర్దూ గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దలు వారానికి ఒక పూట ఇస్తే ఇంకా మంచిది. మీ ఇంటి అటక మీద ఇలాంటి సంచి ఏదైనా ఉంటే, పాత కాగితాలవాడు రాకముందే మాకు కబురు చేయండి.