దూధ్‌సాగర్ జలపాతానికి గైడ్‌తో ఒక రోజు యాత్ర

1. పరిచయం

"కొండ మీద నుంచి నీళ్లు పడతాయి, వెళ్లి చూసి వస్తాం. దానికి గైడ్ ఎందుకు, అనుమతి ఎందుకు?" పర్యాటక రంగం పాఠాలు చదివే విద్యార్థులు కౌన్సెలింగ్ తరగతుల్లో తరచుగా వేసే ప్రశ్న ఇది. ప్రశ్న సహేతుకమైనదే. దీనికి జవాబు వెతకడానికి ఒక సంఘటనతో మొదలుపెడదాం.

2022 అక్టోబరు 14న గోవా, కర్ణాటక సరిహద్దులోని దూధ్‌సాగర్ జలపాతం వద్ద పర్యాటకులు ఉండగా భారీ వర్షం వల్ల ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది. వాగు దాటడానికి వాడే చిన్న వంతెన కూలిపోయింది. అవతలి వైపు చిక్కుకున్న నలభై మందికి పైగా పర్యాటకులను అక్కడి లైఫ్‌గార్డులు ఇవతలి ఒడ్డుకు చేర్చారు. వానాకాలం ముగిసి జలపాతాన్ని సందర్శకులకు తెరిచే నెల అక్టోబరు. అంటే వాళ్లు నిషేధ కాలంలో దొంగచాటుగా వెళ్లినవారు కారు. అనుమతించిన కాలంలోనే, అందరూ వెళ్లే దారిలోనే వెళ్లారు. శిక్షణ పొందిన మనుషులు అక్కడ లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో ఆలోచించండి. ఈ పాఠ్యభాగంలో దూధ్‌సాగర్‌ను ఉదాహరణగా తీసుకొని, రక్షిత అడవిలో జరిగే ఒక రోజు యాత్ర ఎలా నడుస్తుందో, అందులోని ప్రతి నిబంధన వెనుక ఏ కారణం ఉందో తెలుసుకుందాం.

2. స్థలం, చట్టం

'దూధ్‌సాగర్' అంటే పాల సముద్రం. సుమారు 310 మీటర్ల ఎత్తు నుంచి నాలుగు అంచెలుగా దిగే ఈ జలపాతం పడమటి కనుమల్లో ఉంది. దీని చుట్టూ ఉన్నది భగవాన్ మహావీర్ అభయారణ్యం. దాని విస్తీర్ణం సుమారు 240 చదరపు కిలోమీటర్లు. అందులో 107 చదరపు కిలోమీటర్ల భాగాన్ని 1978లో మొల్లెం జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

అభయారణ్యానికీ జాతీయ ఉద్యానవనానికీ ఉన్న తేడాను ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో స్థానికుల కొన్ని హక్కులు కొనసాగడానికి వీలుంది. జాతీయ ఉద్యానవనంలో పశువులను మేపడానికి కూడా వీలు లేదు. రెండింటిలోనూ బయటివారు ప్రవేశించాలంటే అనుమతి కావాలి. అధ్యయనం, ఛాయాగ్రహణం, శాస్త్ర పరిశోధన వంటి కారణాలతో పాటు పర్యాటకాన్ని కూడా అనుమతి ఇవ్వదగిన కారణంగా చట్టం పేర్కొంది. కాబట్టి మీరు కౌంటరు దగ్గర తీసుకునే టికెట్టును సినిమా టికెట్టులా చూడకూడదు. అది చట్టం కింద షరతులతో ఇచ్చే ప్రవేశానుమతి. షరతు తప్పితే వెనక్కి పంపే అధికారం అటవీ సిబ్బందికి ఉంటుంది.

3. నీరు తెల్లగా ఎందుకుంటుంది? ఎప్పుడు వెళ్లాలి?

పేరుకు తగ్గట్టు ఈ నీరు పాలలా కనిపిస్తుంది. జలపాతం అడుగున మడుగులో చూస్తే అదే నీరు పచ్చగా, తేటగా ఉంటుంది. తెలుపు నీటిది కాదు. నిట్రాతి మీద నుంచి జారేటప్పుడు నీరు చిన్న చిన్న తుంపరలుగా విడిపోయి గాలిని తనలో కలుపుకుంటుంది. లెక్కలేనన్ని బుడగలూ తుంపరలూ వెలుతురులోని అన్ని రంగులనూ దాదాపు సమానంగా వెదజల్లడం వల్ల మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. పొడి ఉప్పు తెల్లగా, ఉప్పు పలుకు గాజులా కనిపించడానికి కూడా ఇలాంటి కారణమే. గాలి కలిసిన ఈ నీటి గురించి తర్వాత మళ్లీ చెప్పుకోవలసి ఉంటుంది, గుర్తుంచుకోండి.

అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి మేఘాలు పడమటి కనుమలకు తగిలి పైకి లేస్తాయి, చల్లబడతాయి, కురుస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు జలపాతం మహోధృతంగా ఉంటుంది. కానీ ఆ నెలల్లో అడవి దారిలోని వాగులు దాటడానికి వీలు కాదు కాబట్టి జీపులు నడవవు. ఏప్రిల్, మే నెలల్లో దారి సుగమం, నీరు పల్చన. ఈ రెండింటి మధ్య రాజీ కుదిరేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. అయితే సెప్టెంబరు ముగిసిందంటే వానలు పూర్తిగా వెళ్లిపోయినట్టు కాదు. 2022 నాటి సంఘటన చెప్పేది అదే.

4. యాత్ర జరిగే తీరు

యాత్ర కులెం అనే ఊరి నుంచి మొదలవుతుంది. పణజి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. రైలులో రావాలనుకునే తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా వాస్కోడగామా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఈ దారిలోనే వెళుతుంది.

కులెంలో సొంత కార్లు ఆపేయాలి. అక్కడి నుంచి అడవిలోకి అనుమతి ఉన్న స్థానిక జీపులే వెళతాయి. ఒక్కో జీపుకు ఏడుగురు. మీరు ముగ్గురే వెళితే మరో నలుగురు కుదిరేదాకా ఆగాలి, లేదా ఏడు సీట్ల డబ్బూ మీరే కట్టుకోవాలి. లైఫ్ జాకెట్ తప్పనిసరి. సుమారు పది పన్నెండు కిలోమీటర్ల మట్టి దారి దాటడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. మధ్యలో జీపు వాగుల్లోకి దిగి ఎక్కుతుంది. నడుం నొప్పి ఉన్నవారూ, గర్భిణులూ ఈ ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది. జీపు ఆగాక రాళ్ల మీదుగా, చిన్న వంతెనల మీదుగా కాలినడక. ఆ తర్వాత జలపాతం దగ్గర గంట, గంటన్నర సమయం.

సముద్రతీరపు హోటల్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి సాయంత్రానికి తిరిగి వచ్చే యాత్రికుడికి పది పన్నెండు గంటల రోజులో జలపాతం ముందు గడిపేది ఈ గంటన్నరే. కొందరు నిర్వాహకులు ఇదే రోజులో మసాలా తోటను, ఏదో ఒక గుడిని, బజారును కూడా చేరుస్తారు. కరపత్రంలో అది చవక బేరంలా కనిపిస్తుంది. నా అభిప్రాయంలో అది కాళ్లకు శ్రమ, కంటికి నష్టం. అడవిలో ఉదయపు వేళను తొందరలో దాటేస్తే బెట్టుడుతను గానీ, కొమ్ము పక్షిని గానీ చూసే కాస్త అవకాశం కూడా పోతుంది.

5. గైడ్ చేసే పని

దారి చూపడమే గైడ్ పని అనుకుంటే ఇక్కడ గైడ్ అక్కరలేదు. ఉన్నది ఒకే దారి. మరి ఏం చేస్తాడు?

ముందుగా, నీటిని చదువుతాడు. ఈ వాగు పరీవాహక ప్రాంతం పైన, కనుమల అవతలి అంచున కూడా ఉంది. అక్కడ కురిసిన వాన మనకు కనిపించదు. మన తలపై ఎండ కాస్తూనే ఉంటుంది, నీరు మాత్రం పెరుగుతుంది. తేటగా ఉన్న నీరు ఎర్రమన్ను రంగుకు మారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, ఇందాక పొడిగా ఉన్న బండ అంచు తడవడం, హోరు మారడం వంటివి ముందస్తు గుర్తులు. రోజూ చూసేవాడికి ఇవి వెంటనే తెలుస్తాయి. మొదటిసారి వచ్చినవాడు వాటిని ఫొటోకు మంచి సమయం అనుకుంటాడు. గైడ్ "లేవండి" అన్నప్పుడు లేవాలి, కారణం తర్వాత అడగవచ్చు. ఆ సమయంలో వాగు దాటి తమవాళ్లను కలుసుకోవాలని చూడటం అన్నింటికన్నా ప్రమాదకరం. ఉన్న ఒడ్డునే ఎత్తైన చోటికి వెళ్లాలి.

రెండోది మడుగు. ఈత వచ్చినవారే ఇక్కడ ఎక్కువ ధీమాగా ఉంటారు. ఇందాక గుర్తుంచుకోమన్న గాలి కలిసిన నీటి విషయం ఇక్కడ పనికి వస్తుంది. బుడగలు నిండిన నీటికి సాంద్రత తక్కువ, కాబట్టి మనిషిని తేల్చే శక్తి కూడా తక్కువ. దానికి తోడు పైనుంచి పడే నీరు అడుగుకు నెడుతుంది, అడుగున సుడి తిరిగి మళ్లీ ధార కిందికే లాగుతుంది. ఊరి చెరువులో గంటసేపు ఈదగలిగినవాడు ధార కింద రెండు నిమిషాలు నిలదొక్కుకోలేకపోవచ్చు. లైఫ్ జాకెట్ తేలడానికి సాయపడుతుంది, ధార కిందికి వెళ్లడానికి అనుమతి ఇవ్వదు. మడుగు అంచున ఉండే పాకుడు పట్టిన రాళ్ల మీద చెప్పులతో నడవడం కూడా కాలు విరగ్గొట్టుకునే దగ్గరి దారి. పట్టు ఉన్న అడుగున్న బూట్లు వేసుకోండి.

మూడోది వ్యాఖ్యానం. పర్యాటక శాస్త్రంలో ఈ మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది. చూస్తున్నదానికీ చూసేవారి జీవితానికీ సంబంధం కలపడమే వ్యాఖ్యానం. "ఎత్తు 310 మీటర్లు" అనేది సమాచారం. "ఈ నీరు కిందికి పోయి ఖాండేపార్ నదిగా మాండవిలో కలుస్తుంది, ఆ ఖాండేపార్ మీద ఓపా వద్ద శుద్ధి చేసిన నీటినే పణజి, ఫోండా ప్రాంతాలవాళ్లు తాగుతున్నారు" అని చెబితే అది వ్యాఖ్యానం. ఆ మాట విన్న తర్వాత షాంపూ ప్యాకెట్ చింపడానికి చెయ్యి వెనకాడుతుంది. చెక్‌పోస్టు దగ్గర ప్లాస్టిక్ కోసం సంచులు చూడటం ఎందుకో కూడా అర్థమవుతుంది.

అందరు డ్రైవర్లూ ఇలా వివరించరన్నది నిజం. కొందరు తీసుకెళ్లి, తీసుకొచ్చి ఊరుకుంటారు. వారికి కొంకణి, హిందీ వస్తాయి, మనకు తెలుగు. అందుకని అడిగి తెలుసుకోవడం యాత్రికుడి వంతు కూడా.

6. ఎంతమంది? ఎప్పుడు?

జీపుల సంఖ్యకు, సమయానికి పరిమితి ఎందుకో 'వాహక సామర్థ్యం' అనే భావన వివరిస్తుంది. ఒక స్థలం చెడిపోకుండా, సందర్శకుల అనుభవం పాడవకుండా భరించగలిగిన జనం ఎంత అన్నదే వాహక సామర్థ్యం. విద్యార్థులు దీన్ని రోజు మొత్తం సంఖ్యగా మాత్రమే లెక్కించి పొరపడతారు.

ఒక ఊహాజనిత లెక్క చూడండి. రోజుకు 100 జీపులు, జీపుకు ఏడుగురు, మొత్తం 700 మంది. ఒక్కొక్కరూ గంటన్నర ఉంటారు. జీపులు ఆరు గంటల పాటు సమానంగా వస్తే గంటకు సుమారు 117 మంది వస్తారు, ఏ సమయంలో చూసినా మడుగు దగ్గర దాదాపు 175 మంది ఉంటారు. అవే జీపులు మొదటి రెండు గంటల్లోనే వచ్చేస్తే గంటకు 350 మంది, మడుగు దగ్గర 525 మంది వరకు పోగవుతారు. రోజు మొత్తం సంఖ్య మారలేదు, రద్దీ మాత్రం మూడింతలైంది. లైఫ్‌గార్డు కళ్లు అవే రెండు. అందుకే సంఖ్యతో పాటు సమయాన్ని కూడా నియంత్రించాలి. "ఇంత దూరం వచ్చాం, ఇంకో అరగంట ఉంటే ఏం" అని డ్రైవరుతో వాదించే యాత్రికుడు ఈ లెక్కలో తన వెనుక వచ్చేవారి చోటును తీసుకుంటున్నాడు.

7. రైలు పట్టాలు, అడవి భవిష్యత్తు

జలపాతం ముందు నుంచి రైలు వంతెన వెళుతుంది. 2013లో వచ్చిన 'చెన్నై ఎక్స్‌ప్రెస్' చిత్రం తర్వాత ఆ దృశ్యం దేశమంతటికీ పరిచయమైంది. క్యాజిల్ రాక్, కులెం మధ్య ఈ ఘాట్ దారిలో 37 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉంటుంది. అందుకే రైళ్లు నెమ్మదిగా నడుస్తాయి. వానాకాలంలో నిండు జలపాతాన్ని చట్టబద్ధంగా చూసే మార్గం కదిలే రైలు కిటికీయే. అక్కడ దిగి పట్టాల వెంట నడవడం రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయినా 2023 జులైలో వందలమంది పట్టాల వెంట నడిచి వచ్చారు, పోలీసులు వారిని వెనక్కి పంపవలసి వచ్చింది.

ఇదే అడవి గుండా రైలు మార్గాన్ని రెండు వరుసలు చేయడం, రహదారి వెడల్పు, అధిక వోల్టేజీ విద్యుత్ లైను అనే మూడు ప్రాజెక్టులను ప్రతిపాదించినప్పుడు 2020లో గోవాలో విద్యార్థులు, శాస్త్రవేత్తలు, గ్రామస్థులు పెద్ద ఎత్తున వ్యతిరేకించారు. రైలు మార్గానికి జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం ఇచ్చిన అనుమతిని 2022 మేలో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న మిగిలి ఉంది. సరుకు రవాణాకు అడవిని కోయకూడదన్నప్పుడు, రోజూ వందలమందిని మోసే జీపుల దుమ్మును, డీజిల్ పొగను ఎంతవరకు అనుమతించాలి? జీపుల మీద బతికే కుటుంబాలకు సంపాదన ఏడాదిలో ఏడెనిమిది నెలలే. ఆ ఆదాయం స్థానికంగా నిలుస్తున్నంత కాలం అడవి బాగుండటం వారికీ అవసరం. అది బయటి టోకు వ్యాపారుల చేతికి పోతే ఆ అవసరం పలచబడుతుంది. జీపులను తీసేయడం కన్నా వాటి సంఖ్యను, వేళలను కట్టడి చేయడమే మేలని ఈ రచయిత భావన. మీరు దీనితో విభేదించవచ్చు.

8. అభ్యాసం

తిరుపతి ప్రాంతంలోని తలకోన జలపాతం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది. సుమారు 270 అడుగుల ఎత్తు. అక్కడ పర్యాటక నిర్వహణలో స్థానిక వన సంరక్షణ సమితికి పాత్ర ఉంది. వీలైతే తలకోనకు, లేకపోతే మీ జిల్లాలోని ఏదైనా జలపాతానికి వెళ్లి కింది అంశాలను రెండు పుటలకు మించకుండా రాయండి.

అ) టికెట్టు డబ్బు ఎవరికి చేరుతోంది? టికెట్టు ఇచ్చేవారిని, తినుబండారాలు అమ్మేవారిని అడిగి తెలుసుకోండి.

ఆ) గంటకోసారి మడుగు దగ్గర ఉన్న జనాన్ని లెక్కించి, 6వ భాగంలోని పద్ధతిలో రద్దీని గణించండి.

ఇ) నీరు హఠాత్తుగా పెరిగితే సందర్శకులను హెచ్చరించేది ఎవరు? ఏ దారిన బయటికి పంపుతారు? జవాబు చెప్పగలిగినవారు అక్కడ ఎవరూ లేకపోతే ఆ విషయాన్నే రాయండి.